సముద్రాన్ని కొలిచిన లెక్క చేనుగట్టుకు చేరాలి

అక్టోబరు వచ్చిందంటే మా దువ్వాడ చుట్టుపక్కల రైతుకు ఒక కన్ను పొట్టమీదున్న వరిపైన, ఇంకో కన్ను తూర్పున సముద్రంపైన ఉంటుంది. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్‌ను ఇక్కడ ఎవరూ మరచిపోలేదు. గంటకు 170 కిలోమీటర్లు దాటిన గాలితో తుఫాను విశాఖ దగ్గరే తీరం దాటింది. కొండల మీద పచ్చని ఆకు మిగల్లేదు. చెరకు నేలకు అంటుకుపోయింది. అరటి నడుముకు విరిగింది. తాతలనాటి కొబ్బరి, మామిడి, జీడిమామిడి చెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. పడిన చెట్టుకు బదులు నాటిన మొక్క కాపుకు రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో తోట రైతుకు వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఆ రోజు గురించి ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. తుఫాను ఎటు వస్తుందో, ఎక్కడ తీరం దాటుతుందో వాతావరణ శాఖ రోజుల ముందే చెప్పింది. చెప్పినట్టే జరిగింది. తీర గ్రామాల జనాన్ని ముందే తరలించారు. అంత గాలికి పోవలసినన్ని ప్రాణాలు పోలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు అధికారిక లెక్కల్లోనే సుమారు 10,000 మంది చనిపోయారు. 1999లో ఒడిశా మహాతుఫానులో కూడా దాదాపు అంతమంది పోయారు. అదే ఒడిశాలో 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు పది లక్షల మంది దాకా ముందే ఖాళీ చేయించారు. మరణాలు పదుల సంఖ్యలోనే ఆగాయి. సముద్రం మెత్తబడలేదు. మనం దాన్ని కొలవడం నేర్చుకున్నాం, కొలిచిన మాటను ప్రభుత్వాలు వినడం నేర్చుకున్నాయి. అంతే తేడా.

మనుషుల ప్రాణాలను కాపాడిన ఆ లెక్క పంటను ఎందుకు కాపాడలేకపోతోంది? ఈ నెల మన పత్రికలో ఈ ప్రశ్న వేయదలచుకున్నాం.

కరువు నేర్పిన కొలత

వాతావరణాన్ని కొలిచే పని ఈ దేశంలో జనం కష్టాల్లోంచే పుట్టింది. 1864లో కలకత్తాను తుఫాను ముంచెత్తింది. 1866లోను, 1871లోను వానలు ఎగ్గొట్టాయి. ఆ దెబ్బలు తిన్న తరువాత 1875లో భారత వాతావరణ శాఖను పెట్టారు. మరుసటి ఏడాదే ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిలో, మన రాయలసీమతో సహా, లక్షల మంది ఆకలితో చనిపోయారు. అప్పుడే పుట్టిన శాఖ ఆ కరువును ముందుగా చెప్పలేకపోయింది, నిజమే. కానీ వానల్లేవని, పంటలు ఎండాయని కళ్ళారా చూసిన తరువాత కూడా ధాన్యం ఓడలెక్కి బయటి దేశాలకు పోయింది. కొలిచే శాఖ ఉన్నంత మాత్రాన ఆకలి ఆగదని, లెక్కను పట్టించుకునే పాలన కూడా ఉండాలని ధాత కరువు అప్పుడే చెప్పింది.

1904లో ఆ శాఖకు అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ గణిత శాస్త్రవేత్త. మన వానల గుట్టు ప్రపంచంలో ఇంకెక్కడి గాలిలోనో ఉందేమోనని ఏళ్ళ తరబడి లెక్కలు కట్టించాడు. పసిఫిక్ వైపు గాలి పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గడం, ఇటు పెరిగితే అటు తగ్గడం ఆయన గమనించాడు. ఈనాడు ఎల్ నినో అంటూ పేపర్లలో మనం చదివే విషయానికి ఆ లెక్కలు ఒక పునాది.

అక్కడితో కథ అయిపోలేదు. 1997లో బలమైన ఎల్ నినో వచ్చింది. దేశమంతా కరువు తప్పదనుకున్నారు. కానీ నైరుతి రుతుపవనాలు సగటు మేరకు కురిశాయి. 2002లో అంతకంటే బలహీనమైన ఎల్ నినోకే దేశంలో 19 శాతం వాన తగ్గింది. ఏమిటీ తేడా అని చూస్తే హిందూ మహాసముద్రంలోనే పడమటి వైపు నీళ్ళు వేడెక్కి, తూర్పు వైపు చల్లబడే ఒక ఊగిసలాట ఉందని 1999లో శాస్త్రవేత్తలు తేల్చారు. 1997లో మనల్ని ఆదుకున్నవాటిలో అది ఒకటి. అంటే మన చేలో దుక్కి తడుస్తుందా లేదా అన్నది పసిఫిక్ ఒక్కటే తేల్చదు. మన పక్కనున్న సముద్రం కూడా తేలుస్తుంది. దాన్ని కొలవకుండా వాన గురించి మాట్లాడితే చీకట్లో బాణం వేసినట్టే.

సముద్రాన్ని కొలిచే పనిలో మన విశాఖకు పెద్ద చరిత్రే ఉంది. 1952లో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, ఇక్కడి అధ్యాపకులతో, విద్యార్థులతో కలిసి ఈ తీరపు నీళ్ళ వేడిని, ఉప్పదనాన్ని, ప్రవాహాలను కొలిచాడు. దేశంలో సముద్ర శాస్త్రం చదువు వేళ్ళూనుకున్న చోట్లలో ఇది మొదటిది. తరువాత తుఫాను హెచ్చరిక కేంద్రం వచ్చింది, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం వచ్చింది. 1999లో హైదరాబాదులో ఇన్‌కాయిస్ ఏర్పడింది. 2004 సునామీ తరువాత, 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం అక్కడి నుంచే పనిచేస్తోంది. చేపలు ఎక్కడ దొరుకుతాయో మత్స్యకారులకు చెప్పే సమాచారం కూడా అక్కడి నుంచే వస్తుంది.

ఇప్పుడు ప్రపంచ సముద్రాల్లో ఆర్గో అనే సుమారు 4,000 యంత్రాలు తేలుతున్నాయి. అవి 2,000 మీటర్ల లోతుకు మునిగి, పది రోజులకోసారి పైకి వచ్చి, ఏ లోతులో ఎంత వేడి, ఎంత ఉప్పు ఉందో ఉపగ్రహానికి చెప్పి మళ్ళీ మునుగుతాయి. బంగాళాఖాతంలో లంగరు వేసిన బోయాలు గాలిని, అలలను, నీటి వేడిని కొలుస్తున్నాయి. ఇదంతా ప్రజల డబ్బుతో నడుస్తున్న పని. దీన్ని రైతులం మన ఆస్తి అనుకోవాలి.

వేడెక్కుతున్న బంగాళాఖాతం

ఈ యంత్రాలు చెబుతున్నది మంచి వార్త కాదు. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో ప్రచురించిన నివేదిక ప్రకారం ఉష్ణమండల హిందూ మహాసముద్రం పైనీటి వేడి 1951 నుంచి 2015 మధ్య ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగింది. అదే కాలంలో దేశంలో నైరుతి వాన సుమారు 6 శాతం తగ్గింది. ఉత్తర హిందూ మహాసముద్రంలో నీటి మట్టం 1993 నుంచి 2017 దాకా ఏడాదికి సగటున 3.3 మిల్లీమీటర్లు పెరిగింది.

ఒక డిగ్రీ అంటే ఎంతని కొట్టిపారేయకూడదు. తుఫాను పుట్టాలంటే నీళ్ళు సుమారు 26.5 డిగ్రీలకు పైన వేడిగా ఉండాలి. బంగాళాఖాతం ఏడాదిలో చాలా నెలలు ఆ గీత దాటే ఉంటుంది. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి తెచ్చే మంచినీళ్ళు ఉప్పునీటి మీద ఒక పొరలా పరుచుకోవడంతో, అడుగునున్న చల్లని నీళ్ళు తేలిగ్గా పైకి రావు. పొయ్యి మీద మూత పెట్టిన గిన్నెలా పైపొర వేడి అలాగే నిలుస్తుంది. తుఫానుకు అదే మేత. 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం ఉద్దానంలో కొబ్బరిని, జీడిని ఊడ్చేసింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర, 2025 అక్టోబరులో మొంథా నర్సాపురం దగ్గర తీరం దాటి కోతకు వచ్చిన, ఈనుతున్న వరిని పడుకోబెట్టాయి.

మన పెద్దలకు కార్తెల లెక్క ఉండేది. చిత్త కురిస్తే చింతలు కాస్తాయన్నా, ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదన్నా అది తరతరాలు ఆకాశాన్ని చూసి కట్టిన లెక్కే. ఆ లెక్కను మేము తక్కువ చేయడం లేదు. కానీ 2023 ఆగస్టు ఈ దేశంలో 1901 తరువాత అంత పొడిగా ఎన్నడూ లేదు. కార్తె ప్రకారం నారు పోసిన రైతు ఏ తప్పూ చేయలేదు. కార్తెకు ఆధారమైన సముద్రమే మారిపోతోంది. అందుకే కొత్త కొలతలు కావాలి, అవి రైతుకు అందాలి.

మన నెత్తిన ఉన్న గాలి

సముద్రం సంగతి అలా ఉంటే, గాలి సంగతి మా దువ్వాడలో ఇంకా దగ్గరగా కనబడుతుంది. ఒక పక్క ఉక్కు కర్మాగారం, ఇంకో పక్క ప్రత్యేక ఆర్థిక మండలి, దక్షిణాన పరవాడలో 2,000 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం, ఫార్మాసిటీ, ఉత్తరాన రిఫైనరీ, ఓడరేవులు. ఉక్కు కర్మాగారం మూసేయమని మేము అనడం లేదు. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కని 1966లో 32 మంది ప్రాణాలిచ్చారు. దానికోసం ఇక్కడి రైతులు వేల ఎకరాలు వదులుకున్నారు. కర్మాగారం మాది కాబట్టే దాని పొగ లెక్క కూడా మాకు చెప్పాలంటున్నాం.

కొలిస్తే ఏమవుతుందో ఒకసారి చూశాం. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 88 పారిశ్రామిక ప్రాంతాలను కొలిచి, 43 చోట్ల పరిస్థితి విషమంగా ఉందని ప్రకటించింది. 70 మార్కులు దాటితే విషమం, విశాఖకు 70.82 వచ్చింది. 2010 జనవరిలో ఆ ప్రాంతాల్లో కొత్త ప్రాజెక్టుల పర్యావరణ అనుమతులను కేంద్రం ఆపేసింది. అంటే కొలత ప్రభుత్వం చేతిని పట్టుకోగలిగింది. తరువాత కార్యాచరణ ప్రణాళికలు రాశారు, దశలవారీగా నిషేధం ఎత్తేశారు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి పథకంలో, ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో విశాఖ మళ్ళీ ఉంది. కాగితం మారింది గాని గాలి మారలేదన్న మాట.

బొగ్గు కరెంటు కేంద్రాల గంధకం పొగ సంగతీ అంతే. 2015 డిసెంబరులో కేంద్రం ప్రమాణాలు పెట్టి రెండేళ్ళ గడువిచ్చింది. ఆ గడువును పలుసార్లు పొడిగించింది. చివరికి 2025 జులైలో దేశంలోని ఎక్కువ కేంద్రాలకు ఆ యంత్రాలు పెట్టే బాధ్యత నుంచే మినహాయింపు ఇచ్చింది. కొలిచారు, ప్రమాణం రాశారు, ఆఖరికి ప్రమాణాన్నే పక్కన పెట్టారు.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో నిద్రపోతున్న జనం మీదికి స్టైరీన్ ఆవిరి వచ్చి 12 మంది చనిపోయారు. గాలిని కొలవడం, వెంటనే జనానికి చెప్పడం ఎంత అవసరమో విశాఖ వాళ్ళకు ఇంకెవరూ పాఠం చెప్పనక్కరలేదు.

లోకంలో మంచి ఉదాహరణ కూడా ఉంది. అంటార్కిటికాలో బ్రిటిష్ శాస్త్రవేత్తలు 1957 నుంచి ఓపిగ్గా ఓజోన్‌ను కొలిచారు. దశాబ్దాల పాటు అది ఎవరికీ పట్టని రికార్డు. 1985లో ఆ రికార్డే ఓజోన్ పొర చిల్లు పడుతోందని చూపించింది. రెండేళ్ళలో, 1987లో, మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. కారణమైన రసాయనాలను ప్రపంచం క్రమంగా మానేసింది. కంపెనీలు మొదట ఒప్పుకోలేదు. లెక్క ముందు నిలవలేకపోయాయి. లెక్క బయట పెడితే, దాన్ని పట్టుకుని ప్రభుత్వాలు కదిలితే, పని జరుగుతుంది.

చేనుగట్టు దాకా

ఇక రైతు దగ్గరికి వద్దాం. తుఫాను హెచ్చరిక వచ్చాక పంటకు చేయగలిగింది ఏమీ లేదనుకోవడం తప్పు. కోతకు వచ్చిన వరి ఉంటే కోయాలా ఆపాలా, కోసిన పనలను కుప్ప వేయాలా అన్నది రెండు రోజుల ముందు తెలిస్తే సగం పంట దక్కుతుంది. చెరకుకు జడచుట్లు కట్టి నిలబెట్టవచ్చు. మురుగు కాలువలకు గండ్లు తీసి పెట్టుకోవచ్చు. తడిసిన వెన్ను మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లవచ్చు. యూరియా వేయడం, మందు కొట్టడం వాయిదా వేసుకోవచ్చు. కానీ ఈ సలహా మన మండలానికి, మన పంటకు, మన భాషలో రావాలి. ‘కోస్తాంధ్రలో భారీ నుంచి అతిభారీ వర్షాలు’ అన్న ఒక్క ముక్కతో సబ్బవరం కూరగాయల రైతు ఏం చేయాలి?

ఈ పని కోసమే 2018 నుంచి కృషి విజ్ఞాన కేంద్రాల్లో జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలు పెట్టారు. దేశంలో 199 ఏర్పడ్డాయి. వాతావరణ శాఖ అంచనాను తీసుకుని, మండలాల వారీగా ఏ పంటకు ఏం చేయాలో రాసి పంపడం వాటి పని. 2024 మార్చితో వాటిని మూసేశారు. డేటా అంతా ఆటోమేటిక్‌గా వస్తుంటే జిల్లాలో మనుషులెందుకు అన్న వాదన వినిపించింది. అదే ఏడాది సెప్టెంబరులో మిషన్ మౌసమ్ పేరిట కొత్త రాడార్లు, కంప్యూటర్ల కోసం 2,000 కోట్ల రూపాయలు మంజూరు చేశారు. రాడార్లు వద్దని మేము అనం, తప్పకుండా కావాలి. కానీ బావి తవ్వి, మోటారు బిగించి, చేలోకి పోయే గొట్టం పీకేస్తే నీళ్ళు ఎవరికి? యంత్రం వాన ఎంతో చెబుతుంది. ఆ వానకు పాలుపోసుకుంటున్న వరికి ఏమవుతుందో చెప్పడానికి పొలం తెలిసిన మనిషి ఉండాలి.

రెండోది బీమా. వాతావరణ ఆధారిత పంటల బీమాలో పరిహారం మన చేలో జరిగిన నష్టం చూసి ఇవ్వరు. నోటిఫై చేసిన వాతావరణ కేంద్రంలో నమోదైన వాన, వేడి, గాలి చూసి ఇస్తారు. ఆ కేంద్రం పది కిలోమీటర్ల అవతల ఉండి, అక్కడ వాన పడి ఇక్కడ పడకపోతే రైతు మునిగినట్టే. ఉద్యాన పంటలకు రైతు 5 శాతం దాకా ప్రీమియం కడుతున్నాడు. తన డబ్బును తేల్చే వానమాపకం ఎక్కడుందో, అది పనిచేస్తోందో లేదో తెలుసుకునే హక్కు మాత్రం ఆచరణలో అతనికి లేదు. పంచాయతీకో వానమాపకం పెడతామని 2023లో కేంద్రం విండ్స్ పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. అవి ఊళ్ళలో కనబడాలి.

మూడోది నష్టపరిహారం. పంట 33 శాతానికి మించి పోతేనే విపత్తు నిధి నుంచి పెట్టుబడి సాయం వస్తుంది. సాగునీటి భూమికి కేంద్రం ప్రమాణం హెక్టారుకు 17,000 రూపాయలు, మెట్టకు 8,500. ఎకరం లెక్కన చూస్తే దుక్కికి, నారుకి కూడా చాలదు. అదైనా రావాలంటే ఎన్యుమరేషన్ జరగాలి, ఇ-క్రాప్‌లో పేరుండాలి. కౌలు రైతు పేరు అక్కడే జారిపోతుంది. తుఫాను ఏ గ్రామం మీద ఏ వేగంతో పోయిందో గంట గంటకీ తెలిసిన ప్రభుత్వానికి, ఆ గ్రామంలో పంట పోయిందని తేల్చడానికి వారాలు ఎందుకు పట్టాలి?

మన తప్పు కూడా కొంత ఉంది

ఒక మాట మనవాళ్ళకు కూడా చెప్పాలి. బంగాళాఖాతంలో లంగరు వేసిన బోయాల చుట్టూ చేపలు చేరతాయి. కొన్ని పడవలు వాటికి తాళ్ళు కట్టడం, పరికరాలు పీకడం జరుగుతోంది. ఒక బోయా మూగబోతే తుఫాను అంచనాలో అంతమేర చీకటే. పసిఫిక్‌లో ఇలాగే జరిగింది. అక్కడి బోయాలను చూసే నౌకను అమెరికా బడ్జెట్ కోతల్లో 2012లో ఆపేస్తే, 2014 మొదటికి ఆ బోయాల నుంచి వచ్చే సమాచారం సుమారు 40 శాతానికి పడిపోయింది. ఆ ఏడాదే ఎల్ నినో వస్తుందా రాదా అని ప్రపంచమంతా ఎదురుచూస్తోంది. అక్కడ డబ్బు కోత, ఇక్కడ తాడు కట్టడం. నష్టం ఒకటే. మత్స్యకార సోదరుల సంఘాలతో మన సంఘం కూర్చుని ఈ విషయం మాట్లాడాలి. ఆ బోయా వాళ్ళ పడవనూ కాపాడుతుంది, మన చేనునూ కాపాడుతుంది.

మేము అడుగుతున్నవి

ఒకటి: మూసేసిన జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలను శాశ్వత సిబ్బందితో మళ్ళీ తెరవాలి. రెండు: ప్రతి పంచాయతీలో వానమాపకం పెట్టి, రోజువారీ లెక్కను రైతు సేవా కేంద్రం గోడ మీద తెలుగులో రాయాలి. బీమా పరిహారం తేల్చే కేంద్రాల తనిఖీలో రైతు ప్రతినిధి ఉండాలి. మూడు: తుఫాను గాలి, వాన నిర్ణీత పరిమితి దాటిన గ్రామాల్లో ఎన్యుమరేషన్ కోసం ఆగకుండా కౌలు రైతులతో సహా సాగుదారులందరికీ తక్షణ సాయం ఇవ్వాలి, మిగతా లెక్క తరువాత సరిచూసుకోవచ్చు. నాలుగు: గాలిని కొలిచే కేంద్రాలు నగరం నడిబొడ్డునే కాక దువ్వాడ, అగనంపూడి, పరవాడ పక్క గ్రామాల్లో కూడా పెట్టాలి. ప్రతి పెద్ద పొగగొట్టం లెక్క కర్మాగారం గేటు దగ్గర జనానికి కనబడాలి. ఐదు: సముద్రాన్ని, వాతావరణాన్ని కొలిచే పని ప్రభుత్వ డబ్బుతోనే నడవాలి, ఆ సమాచారాన్ని రైతుకు అమ్మే సరుకు చేయకూడదు.

ఇవన్నీ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. ప్రతి గ్రామ కమిటీ ఒక సాదా వానమాపకం కొని, చెట్లకు, గోడలకు దూరంగా పెట్టి, రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు చూసి నోటుపుస్తకంలో రాయాలని ప్రతిపాదిస్తున్నాం. వాతావరణ శాఖ లెక్కలో రెండున్నర మిల్లీమీటర్లు పడితే అది వాన రోజు. ఒక ఏడాది ఓపిగ్గా రాస్తే మన ఊరి వాన లెక్క మన చేతిలో ఉంటుంది. రేపు బీమా కంపెనీ ముందు, కలెక్టరేటు ముందు నిలబడినప్పుడు ‘పంట పోయిందండీ’ అన్న మాటతో పాటు ఆ పుస్తకాన్ని కూడా బల్ల మీద పెడదాం. ఈ జూన్ మృగశిర నాటికి ఎన్ని గ్రామాల్లో పుస్తకాలు మొదలయ్యాయో మండల కమిటీలు మాకు రాయాలని కోరుతున్నాం.